బావి పూడ్చాక మిగిలిన తాబేలు

డిగ్రీలో నేను చదివింది బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. మా అత్తగారింట్లో మాత్రం మధ్యలోని ఒక్క సబ్జెక్టే గుర్తు పెట్టుకున్నారు. బాత్రూంలో తేలు కనబడితే నన్ను పిలుస్తారు. కోడి ఈకలు రాలిస్తే నన్ను అడుగుతారు. తేలు కనబడితే చెప్పు తియ్యాలని చెప్పడానికి మూడేళ్ల చదువు ఎందుకో నాకు అర్థం కాదు. అయినా ఆ చదువు పుణ్యమా అనే ఒక వేసవిలో ప్రొద్దుటూరులో మా ఇంటి పెరట్లోకి తాబేలు వచ్చి పడింది. అది మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ నాకు తెలిసిందేమిటో తెలియనిదేమిటో కూడా తెలియకుండా పోయింది.

మా మామకు పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఆయన పోయాక దాన్ని మా బావ, అంటే మా ఆయనకు అన్న, చూసుకుంటున్నాడు. అందులో రాతికట్టు బావి ఒకటి. చుట్టూ బోర్లు పడ్డాక అందులో నీళ్లు అడుగంటిపోయి బురదే మిగిలింది. దాన్ని పూడ్చి, ఆ జాగాలో డ్రిప్పుకు సిమెంటు ట్యాంకు కట్టాలని బావ అనుకున్నాడు. అనుకుని జేసీబీని పిలిపించాడు. వాళ్లమ్మకు చెప్పాలని మాత్రం అనుకోలేదు.

మా అత్త ఉండేది ప్రొద్దుటూరులో మా దగ్గర. ఆమెకు ఈ సంగతి ఎవరు మోశారో ఏమో, పొద్దున్నే చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. "నన్ను తోటకు తీస్కపోతారా, నేనే బస్సెక్కల్నా?" అంది. కారు తియ్యక తప్పలేదు.

మా వైపు తాగే నీళ్ల బావిలో తాబేలును వదలడం పాత అలవాటు. పురుగూ, పాచీ, దోమపిల్లలూ తినేసి నీళ్లు తేటగా ఉంచుతుందని. అత్త కాపురానికి వచ్చిన కొత్తలో ఆ బావి నీళ్లు పాచి వాసన కొట్టి ఆమెకు గొంతు దిగేవి కావట. ఆమె పుట్టిల్లు పెద్దముడియం. వాళ్ల నాయన ఆ ఊరి పక్కన పారే కుందూ నదిలో తాబేలును పట్టి, తడిపిన గోనెసంచిలో చుట్టుకుని వచ్చి, ఆ బావిలో వదిలి పోయాడట. కూతురికి పట్టుచీర తెచ్చే తండ్రులు ఉంటారు. ఈయన తాబేలు తెచ్చాడు. ఆమె ఆ తోటలో ఉన్నన్నాళ్లూ నీళ్లు చేదేటప్పుడల్లా లోపలికి తొంగి చూసేది. అది ఊపిరి కోసం పైకి వచ్చి ముక్కు చూపించేది. అంతే వాళ్ల పరిచయం.

మేం పోయేసరికి జేసీబీ బావి పక్కన తొండం ఎత్తి నిలబడి ఉంది. అత్త నేరుగా పోయి బావి గట్టు మీద కూర్చుంది.

"నాది తీసినంక మీది పూడ్చుకోండి."

బావ తల పట్టుకున్నాడు. "ఏం నీదిమా? నీళ్లే ల్యాక ఎన్నేండ్లాయె! యాడుంటాది తాబేలు?"

"నీళ్లు ల్యాకపోతే సస్తాదని నీకెవుడు చెప్పినాడ్రా? బురద ఉండాది గదా. ఎండాకాలమొస్తే అది బురదలో దూరి పండుకుంటాది."

"పెద్దమ్మా, నాకు ఇంకో తావ పని ఉండాది" అన్నాడు జేసీబీ డ్రైవరు.

"పోయి చేసుకో పో నాయనా. నీ బండిని నేనేమన్నా కట్టేసినానా?"

చివరికి తోటలో పనిచేసే మనిషిని తాడు కట్టి దింపారు. ఆయన బురదలో అడుగు అడుగు వేసి తొక్కుతూ చాలాసేపు తిరిగాడు. "ఉండాదన్నా! కాలికింద కదిలె!" అని కేక. గంపలో పైకి వచ్చింది. బురద పూసిన జొన్నరొట్టె మాదిరి చదునుగా ఉంది. బావ వంగి వేలితో పొడిచాడు. ఆ రొట్టెలోంచి జానెడు మెడ బయటికి వచ్చి గంప అంచును పట్టేసింది. బావ వెనక్కి దూకిన దూకుడుకు నాకు నవ్వాగలేదు.

"ఏమ్మా, నువ్వు జువాలజీ గదా. నువ్వే తీస్కపో" అన్నాడు, పరువు పోయిన కోపంతో.

"నువ్వు హిస్టరీ చదివినావు గదా బావా. గండికోటను తెచ్చి నీ తోటలో పెట్టుకున్న్యావా?"

ఆ మాట బాగానే పేలింది గానీ, పెయింటు బకెట్‌లో తాబేలు మా కారెక్కింది. దారి పొడుగునా అత్త బకెట్‌ను రెండు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. మా ఆయన గతుకులు రాకుండా నడిపాడు. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆయన అంత నిదానంగా నడిపిన గుర్తు లేదు.

ఇంటికి రాగానే మొదటి గొడవ.

"సంపులో ఎయ్యి" అంది అత్త. "నీళ్లు బాగుంటాయి."

"ఆ నీళ్లు మనం తాగుతాం అత్తా."

"బాయి నీళ్లు మేం తాగలేదా?"

"మున్సిపాలిటీ నీళ్లల్లో బ్లీచింగు ఉంటాది. పైన మూత. గాలి ఆడక సస్తాది."

"బాయిలో ఫ్యాను పెట్టింటిమా?"

మా ఆయన నవ్వు కనబడకుండా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మొత్తానికి పెరట్లో బట్టలు ఉతికే తొట్టిని ఖాళీ చేశాం. బ్లీచింగు వాసన పోయేదాకా బకెట్లలో నిలవబెట్టిన నీళ్లు పోశాం. బట్టలు ఆ పూట నుంచి బాత్రూంలో ఉతకడం మొదలుపెట్టాను.

పక్కింటి అక్క గోడ మీంచి చూసింది. "వాస్తుకని అందరూ గాజుది పెట్టుకుంటారు గదా షోకేసులో. ఇది నిజం దానిమాదిరే ఉండాదే!"

"నిజందే అక్కా. గాజుదైతే దొడ్డికి పోదు. ఇది పోతాది."

పోతుందనే అనుకున్నాను. నిజానికి పోయిందో లేదో కూడా తెలియలేదు. నాకు తెలిసినవి చాలా ఉన్నాయి. దాని గుండెకు మూడు గదులు. ఒంట్లో వేడి తనంతట తాను పుట్టించుకోలేదు, బయటి నుంచే తెచ్చుకోవాలి. ఊపిరితిత్తులతో పీలుస్తుంది కాబట్టి నీళ్లలో మునిగి చచ్చే అవకాశం కూడా ఉంది. ఇవన్నీ రికార్డు బుక్కులో రంగు పెన్సిళ్లతో వేసి మార్కులు తెచ్చుకున్నాను. తొట్టిలో నీళ్లు జానెడు పోయాలా మూరెడు పోయాలా అన్నది అందులో లేదు.

జానెడు పోస్తే వీపు ఎండుతుందేమోనని భయం. మూరెడు పోస్తే తొట్టి గోడలు గోళ్లతో గీరుతూ రాత్రంతా చప్పుడు. బయటికి రావాలని గీరుతోందా, తిరగడం దాని అలవాటా? ఎండ కావాలని చదివాను కదా, ఎండలోకి జరిపితే నీడలోకి పోయి మూలన దూరింది. బావిలో ఇన్నేళ్లూ ఎండ ఎరగదు, దానికి ఎండ అంటే ఏమిటో తెలియదు అంది అత్త. తెలియకపోతే అలవాటు చెయ్యాలి అన్నాను నేను. "నువ్వు అలవాటు చేస్తాండే ఇడ్లీలు నేను తింటాండానా?" అంది. సందర్భం లేదు. కానీ ఆమె పొద్దున్నే రాగి సంగటి అడిగిందీ నిజమే, నేను ఇడ్లీలే పెట్టిందీ నిజమే. మేం ఇద్దరం తాబేలు గురించే మాట్లాడుకుంటున్నామా అన్న అనుమానం నాకు అప్పుడే మొదలైంది.

అన్నిటికన్నా కష్టం తిండి. ఆకుకూర వేశాను, చూడలేదు. కీరదోసకాయ వేశాను, దాని మీదనుంచి నడిచిపోయింది. కళ్లు మూసుకుని గంటలకొద్దీ ఉండేది. నిద్రా, జబ్బా, అలకా? కుక్క అయితే మూలుగుతుంది, ఆవు అయితే అరుస్తుంది, మొగుడైతే మొహం మాడ్చుకుంటాడు. దీని మొహం చావుకూ పెళ్లికీ ఒక్కటే. నేను జీవితంలో అందరితో వాదించి గెలిచినదాన్ని. ఎదుటివాళ్లు ఏదో ఒకటి అంటేనే కదా వాదన. ఇది ఏమీ అనదు.

ఉడికిన గుడ్డు ముక్కలు వేస్తే పొద్దుటికి మాయమయ్యాయి. అత్త సంబరపడింది. "తినె చూడు!" అంది. నాకు కాకి మీద అనుమానం వచ్చి తొట్టి మీద ఇనుప జల్లెడ కప్పాను. మర్నాడు గుడ్డు అలాగే ఉంది. అయితే మొన్న తిన్నది కాకే అన్నాను. కాదు, జల్లెడ చూసి భయపడి తినలేదు అంది అత్త. జల్లెడ తీశాం, గుడ్డు పోయింది. ఎవరు గెలిచినట్టు? వీపు పక్కన చర్మం మాత్రం వదులైంది. బరువు తగ్గిందని చేతికి తెలుస్తోంది. చేతికి తెలుస్తోందా, నాకు అనిపిస్తోందా?

జమ్మలమడుగులో పశువుల డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఇంటర్‌లో నాతో చదివినవాడు. తాబేలును తడిగుడ్డలో చుట్టి బకెట్‌లో పెట్టుకుని పోయాను. ఆ పొద్దు గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నారు. ఆవరణ నిండా గొర్రెలు, వాటి పెంటికలు, అరుపులు. నన్ను చూసి ఆయన చేతులు కడుక్కుని వచ్చాడు. బకెట్‌లోకి చూశాడు.

"గొర్రె అయితే కంటి రెప్ప తిప్పి చూసి చెప్తా. దీనికి యాడ చూడల్ల?"

"డాక్టరువు నువ్వు. నన్నడిగితే ఎట్ల?"

"నువ్వు జువాలజీ గదా?"

"ఇంకోసారి ఆ మాటంటే దీంతో కరిపిస్తా నిన్ను."

గొర్రెలు తెచ్చిన పెద్దాయన ఒకాయన బకెట్ మీదికి వంగి, "కూరకా?" అని మర్యాదగా అడిగాడు. డాక్టరు ఆయన్ను పక్కకు పంపి, గొంతు తగ్గించాడు. "నవ్వులాటకు కాదు. దీన్ని ఇంట్లో పెట్టుకోకూడదు. చట్టం ఒప్పుకోదు. అడవిశాఖ మనిషి ఒకాయన నాకు తెలుసు, ఉండు" అని ఫోను చేశాడు. అవతలి మనిషి కోప్పడలేదు. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాడు. బావిలోంచి అన్నాను. బావిలోకి ఎక్కడి నుంచి వచ్చింది అన్నాడు. కుందూ నుంచి అన్నాను. అయితే వానలు పడ్డాయి, కుందూలో నీళ్లు ఉన్నాయి, పెద్దముడియం దగ్గరే వదులుదాం, నేనూ వస్తాను, త్వరగా రోజు చెప్పండి అన్నాడు. తిండి ముట్టకపోతే ఎక్కువ కాలం బతకదని కూడా అన్నాడు.

"ఎన్నేండ్ల నుంచి ఉండాది ఇది?" అని డాక్టరు అడిగాడు.

"మా అత్త పెండ్లి నాటి నుంచి."

ఆయన తాబేలును మళ్లీ ఒకసారి చూశాడు. "అంత ముసల్దా? ఏమో. ఉండొచ్చు. ఉండకపోవచ్చు. నాకు తెల్దు."

ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె అక్కడికక్కడే కాదంది.

"తోట మీ మామది. బాయి మీ మామది. ఆయప్ప పోయినంక మీ బావది. పూడ్చేటప్పుడు నన్నొక మాట అడిగినారా? తాబేలు నాది. మా నాయన నాకు ఇచ్చింది. నేను ఇయ్యను."

ఇక్కడే నేను పూర్తిగా తికమకపడ్డాను. నాది అన్నదాని కోసం ఆ ఇంట్లో గొంతు చించుకున్నదాన్ని నేనే. నా జీతం నాదే అన్నాను, నా పుట్టింటి గిన్నెలు నావే అన్నాను. అప్పుడు ఈమె నోరు మూసుకోమంది. ఇప్పుడు ఆమె నా మాటలే నాకు చెబుతుంటే, చట్టం, అడవిశాఖ అంటూ నేను మగవాళ్ల గొంతుతో మాట్లాడుతున్నాను. కానీ తొట్టిలో ఉన్నది గిన్నె కాదు. అది చచ్చిపోతే ఎవరిదైతే ఏం? ఇదీ న్యాయమే, అదీ న్యాయమే. రెండూ ఒకే తొట్టిలో పట్టవు.

ఇది చాలదన్నట్టు బావ ఫోను చేశాడు. అమ్మ ఒప్పుకోవడం లేదని మా ఆయన చెప్పి ఉంటాడు.

"ఏమ్మా, అమ్మకు చెప్పొద్దు గానీ, అది ఆ తాబేలు కాదు. అది ఎప్పుడో కరువులో సచ్చిపోయింది. అమ్మ బాధపడ్తాదని నాయన, నేను మైలవరం డ్యాం తావ చేపలోళ్లను అడిగి ఇంకోటి తెచ్చి బాయిలో ఏసినాం."

"ఎప్పుడు బావా?"

"చెప్తిగదమ్మా, కరువులో."

"ఏ కరువు?"

"మన తావ కరువు కానిది ఏ సంవత్సరమో నువ్వు చెప్పు."

మా బావ అవసరానికి తగ్గట్టు మాట్లాడే మనిషి. అమ్మను ఒప్పించడానికి ఇప్పటికిప్పుడు పుట్టించాడా? నిజమేనా? నిజమైతే కుందూ దాని చోటు కాదు. మరి అడవిశాఖ ఆయనకు ఏం చెప్పాలి? అత్తకు చెప్పాలా వద్దా? చెప్తే పట్టు వదిలేస్తుందేమో. చెప్తే నాయన ఇచ్చిన తాబేలు ఆమెకు రెండోసారి పోతుంది. ఒక పూటంతా నోరు కట్టుకున్నాను. నాకు అంతకన్నా చేతకాదు. మధ్యాహ్నం ఆమె చాటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఆమె రాళ్లు ఏరడం ఆపలేదు.

"అయితే?"

"అయితే ఏందత్తా? అది మీ నాయన తెచ్చింది కాదంట."

"బాయిలో ఉన్న్యాది గదా? నేను చూసినప్పుడల్లా పైకొచ్చె గదా? నేను వేరేదాన్నని అదేమన్నా నాకు చెప్పిందా?"

సాయంత్రం పెరట్లోకి పోయి తొట్టి దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. గుడ్డు ముక్క వేలి కొనన పెట్టి నీళ్లలో ముంచి పట్టుకుంది. కరుస్తుందని అరిచాను. కరిచి ఉంటే బాగుండేదేమో. అది ముక్కు దగ్గర ఉన్న గుడ్డును వాసన కూడా చూడకుండా కళ్లు మూసుకుంది. అత్త అలాగే చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకుని, ఆ ముక్కను కాకికి విసిరింది.

"ఆయప్పకు ఫోను చెయ్యి. పెద్దముడియం పోదాం."

"మైలవరందైతే? అక్కడికి పోవల్ల గదా?"

"ఇది అదే అయితే కుందూ దాని ఊరు. కాకపోతే నా ఊరు. నా ఊర్లో ఉండనీ."

అడవిశాఖ ఆయనకు రెండు కథలూ దాచకుండా చెప్పాను. ఆయన, "కుందూ అయినా మైలవరం నీళ్లయినా కడాకు పెన్నేట్లోకే గదమ్మా పోయేది. రండి" అన్నాడు. మోటారు సైకిల్ మీద వచ్చి, జనం బట్టలు ఉతకని చోటు, వలలు వెయ్యని చోటు చూసి చూపించాడు. నల్లరేగడి ఒడ్డు, మోకాలి లోతు దిగబడే బురద. మా ఆయన బకెట్ మోశాడు. అత్త ఎవర్నీ ముట్టనివ్వలేదు. తానే వంగి, రెండు చేతులతో పట్టి, నీళ్లకు మూరెడు దూరంలో పెట్టింది.

అది కదల్లేదు. తర్వాత మెడ చాచింది. నీళ్ల వైపు ఒక అడుగు వేసింది. మళ్లీ ఆగింది. ఆపైన పక్కకు తిరిగి, ముందరి కాళ్లతో బురదను తోసుకుంటూ మెల్లగా లోపలికి దిగబడసాగింది. నీళ్లలోకి కాదు, బురదలోకి. వీపు మునిగింది. ఒక బుడగ వచ్చి పగిలింది. అంతే.

"ఇదేంది? నీళ్లల్లోకి పోదా? తీసి ఇంకొంచెం లోపల పెడ్తామా?" అన్నాను.

"దాని ఇష్టం మేడం. నీళ్లు పక్కనే ఉన్నాయి గదా" అన్నాడు అడవిశాఖ ఆయన.

"బయటికొచ్చేదాకా ఉందాం."

"పా, పోదాం" అంది అత్త. "నలుగురు నిలబడి చూస్తాంటే నువ్వు చీర మార్చుకుంటావా?"

వచ్చేశాం. ఇంటికొచ్చాక తొట్టి కడిగి మళ్లీ అందులో బట్టలు నానబెట్టాను. బతికిందా లేదా అని పూటకోసారి అనిపించేది. ఎవర్ని అడగాలి? అత్త మాత్రం ఆ మాటే ఎత్తలేదు.

ఆదివారం బావ ఫోను చేశాడు. అత్తకు చెవి సరిగా వినిపించదని స్పీకరు పెట్టాను.

"ఏం మా, తాబేలును ఇడ్సిపెట్టి వచ్చినారంట?"

"నా తాబేలును నేను ఇడ్సిపెట్టినా. నువ్వూ మీ నాయనా తెచ్చిన తాబేలు యాడుందో నువ్వు చూసుకో."

చెప్పొద్దన్న మాట చెప్పేశానని నన్ను ఇప్పుడు తిడతాడు అనుకున్నాను. ఆయన తిట్టలేదు.

"అట్లెట్ల? పాతది సచ్చిపోతేనే గదా కొత్తది తెచ్చింది!"

"సచ్చింది కండ్లారా చూసినావా?"

"చూసేదేముంది మా? నీళ్లు తగ్గినాయి. శానా దినాలు పైకి రాలేదు. సచ్చిపోయిందిలే అనుకుంటిమి."

నా చేతిలో ఫోను ఉంది. అత్త మొహం చూశాను. నీళ్లు తగ్గితే అది బురదలో దూరి పడుకుంటుందని ఆమె బావిగట్టు మీద కూర్చుని ఈయనకే చెప్పింది. అప్పుడు మాకు అందరికీ తొందర.

"బావా, ఆ పొద్దు ఒకటి దొరికినంక, బాయిలో దిగినాయన్ను ఇంకా వెతకమని చెప్పినావా?"

"ఒకటే గదా ఉండేది! ఒకటే అని మీరే గదా అనిరి!"

అత్త తన చేతిలోని తమలపాకు ఈనె తీసి పక్కన పెట్టింది. "పూడ్చిన మన్ను గట్టిగుండాదారా?" అని అడిగింది.

"ట్యాంకు కట్టేసినాం మా" అన్నాడు బావ.

ఆమె ఆకు నోట్లో పెట్టుకోకుండా లేచి లోపలికి పోయింది. బావ ఫోను పెట్టెయ్యలేదు. నేను ఏదో ఒకటి అంటానని కాచుకుని ఉన్నాడు. అటువైపు తోటలో మోటారు చప్పుడు, ట్యాంకులో నీళ్లు పడే చప్పుడు వినబడుతున్నాయి. రెండు తాబేళ్లు ఉండేవా, ఒకటేనా, అసలు ఈయన రెండోది తెచ్చాడా, మేం కుందూలో వదిలింది ఏది? ఏం అడగాలో, ఎవర్ని తిట్టాలో తెలియక నేను అలాగే వింటూ నిలబడ్డాను.